ఎడమవైపు పడ్డ గోల్స్: ఒక గోల్‌కీపర్ కేసు

ఈ కేసు రాస్తానని అడిగితే అతను ఒప్పుకున్నాడు. పేరు, క్లబ్బులు, దేశాలు, సీజన్లు వదిలేశాను. ఆనవాలు పట్టించే ఒకటి రెండు వివరాలు కాస్త మార్చాను. వ్యాసమంతా అతన్ని 'మనవాడు' అనే అంటాను. ఫుట్‌బాల్‌లో గోల్‌కీపింగ్ కోచ్‌గా నేను చాలామందితో పనిచేశాను గానీ, ఇతని విషయంలో చేసినన్ని తప్పులు ఇంకెవరి విషయంలోనూ చేయలేదు. ఇది రాయడానికి సగం కారణం అదే.

నేపథ్యం

మా క్లబ్‌కి వచ్చేనాటికి మనవాడికి 26 ఏళ్ళు. అంతకుముందు 19వ ఏటే సెకండ్ డివిజన్‌లో ఒక చిన్న క్లబ్‌కి మొదటి కీపర్ అయ్యాడు. నాలుగు సీజన్లు దాదాపు ప్రతి మ్యాచ్ ఆడాడు. 23 ఏళ్ళప్పుడు ఒక పెద్ద క్లబ్ కొనుక్కుంది. ముఖ్యంగా అతని కాళ్ళు చూసి కొన్నారు. సొంత ఆటగాడు కావాలని కాలితో ఇచ్చిన పాస్‌ను కీపర్ చేత్తో ముట్టుకోకూడదన్న రూల్ 1992లో వచ్చింది. 2019లో గోల్ కిక్ రూల్ కూడా మారింది. బంతి గోల్ ముందు గీసిన పెనాల్టీ బాక్స్ దాటకముందే సొంత ఆటగాడు దాన్ని అందుకోవచ్చన్నారు. ఈ రెండు మార్పులతో కీపర్ ఉద్యోగమే మారిపోయింది. ఆటగాళ్ళని వెతికిపెట్టే స్కౌట్లు ముందు పాస్ ఎలా ఇస్తున్నాడో చూసి, ఆ తర్వాతే షాట్లు ఎలా ఆపుతున్నాడో చూస్తున్నారు. మనవాడు రెండు కాళ్ళతోనూ నలభై గజాల పాస్ ఇవ్వగలడు. షాట్ వచ్చేటప్పుడు ఎలా నిలబడతాడో ఆ పెద్ద క్లబ్‌లో ఎవరైనా గమనించారో లేదో నాకు అనుమానమే.

అక్కడ మూడు సీజన్లూ అతను రెండో కీపర్. లీగ్‌లో ఆడింది రెండే రెండు మ్యాచ్‌లు. కప్ పోటీల్లో ఇంకొన్ని.

రెండో కీపర్ బతుకు బయటివాళ్ళకి సరిగ్గా అర్థం కాదు. బెంచ్ మీదున్న స్ట్రైకర్‌కి చివరి పావుగంటైనా దొరుకుతుంది. ఓడిపోతున్న మ్యాచ్‌లో అదృష్టం పరీక్షించుకోమని పంపుతారు. కీపర్‌ని అలా పంపరు. మొదటి కీపర్‌కి దెబ్బ తగలాలి, లేదా రెడ్ కార్డ్ రావాలి. 2014 వరల్డ్ కప్‌లో కోస్టారికాతో పెనాల్టీలకు వెళ్ళబోతుండగా నెదర్లాండ్స్ కోచ్ వాన్ హాల్ కీపర్ సిలెస్సెన్‌ని తీసేసి టిమ్ క్రుల్‌ని దింపాడు. ఇన్నేళ్ళయినా దాని గురించి చెప్పుకుంటున్నామంటే అలాంటిది ఎంత అరుదో ఊహించుకోండి. మామూలుగా రెండో కీపర్ వారమంతా తయారవుతాడు, మ్యాచ్ రోజు గ్లవ్స్ వేసుకుని కూర్చుంటాడు, ఇంటికి వెళ్తాడు.

అక్కడ రెండో సీజన్‌లో, ప్రాక్టీసులో ఒక షాట్ ఆపబోతే ఎడమ చెయ్యి వెనక్కి విరుచుకుపోయింది. మణికట్టులో బొటనవేలి వైపు స్కాఫాయిడ్ అనే చిన్న ఎముక ఉంటుంది. అది విరిగింది. ఆ ఎముకకు రక్తం ఎక్కువగా వేళ్ళ వైపు కొస నుంచి వెనక్కి అందుతుంది. అందుకే మోచేతి వైపు భాగం విరిగితే అతుక్కోవడం బాగా ఆలస్యమవుతుంది, ఒక్కోసారి అతుక్కోదు కూడా. ఇతనికి ఆపరేషన్ చేసి స్క్రూ వేశారు. అయిదు నెలలు ఆట లేదు. తర్వాతి సీజన్ మళ్ళీ బెంచ్ మీదే గడిచింది. కాంట్రాక్ట్ అయిపోయాక, మొదటి కీపర్ స్థానం ఇస్తామని చెప్పి మేం తెచ్చుకున్నాం.

వచ్చిన సమస్య

మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లో 16 గోల్స్ పడ్డాయి. మా డిఫెన్స్ కూడా అంతంతమాత్రమే, కాబట్టి అన్నీ కీపర్ ఖాతాలో రాయడం అన్యాయం. నేనూ, మా వీడియో అనలిస్టూ ప్రతి గోల్‌నీ విడివిడిగా చూసి మూడు రకాలుగా విడదీశాం: కీపర్ ఆపి తీరాల్సినవి, ఆపితే భుజం తట్టాల్సినవి, ఎవరూ ఆపలేనివి. మొదటి రకంలో ఆరు తేలాయి. ఆ ఆరింట్లో అయిదు అతని ఎడమవైపు, నేలబారుగా వెళ్ళినవి. ఇది కాక క్రాస్‌లకు, అంటే మైదానం పక్కల నుంచి గోల్ ముందుకి వేసే బంతులకి, ముందుకు రావడం బాగా తగ్గించేశాడు.

విరిగింది ఎడమ మణికట్టు. గోల్స్ పడుతున్నది ఎడమవైపు. ఇంక ఆలోచించడానికేముందని అందరం అనుకున్నాం. హెడ్ కోచ్, ఫిజియో, నేను, టీవీలో మాట్లాడేవాళ్ళు, స్టాండ్స్‌లో కూర్చుని 'చిల్లుకుండ' అని అరిచేవాళ్ళు, అందరిదీ ఒకటే మాట. అంతమంది ఒకే మాట అంటుంటే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ముందుగా చేసిన ఒక్క పని మాత్రం సరైనదే. తలకు, కంటికి, మణికట్టుకు పరీక్షలు చేయించాం. 2018 చాంపియన్స్ లీగ్ ఫైనల్‌లో లివర్‌పూల్ కీపర్ లోరిస్ కారియస్ రెండు ఘోరమైన తప్పులు చేసి లోకమంతటి చేతా తిట్లు తిన్నాడు. ఆ మ్యాచ్‌లోనే తలకు దెబ్బ తగిలి కన్‌కషన్ అయిందని, అంటే మెదడు అదిరిందని, కొద్ది రోజుల తర్వాత పరీక్షించిన డాక్టర్లు చెప్పారు. ఆ తప్పులకు అదే కారణమా కాదా అన్న వాదన వేరు. కీపర్ ఆట ఉన్నట్టుండి చెడితే 'ధైర్యం పోయింది' అనేముందు డాక్టర్‌కి చూపించాలన్నది మాత్రం నేను దాన్నుంచే నేర్చుకున్నాను.

అన్నీ బాగున్నాయి. ఎముక పూర్తిగా అతుక్కుంది. ఎడమచేతి పట్టు కుడిచేతి కన్నా కొంచెం తక్కువుంది గానీ, కుడిచేతివాటం మనిషికి అది మామూలే అన్నాడు ఫిజియో. ఆ రిపోర్ట్ చూశాకైనా నేను మణికట్టును వదిలేయాల్సింది. వదల్లేదు, ఇంకో రూపంలో పట్టుకున్నాను: ఎముక అతికింది, మనసు అతకలేదు అనుకున్నాను. వినడానికి బాగుండే మాట. దాని వెంటపడి ఆరు వారాలు పోగొట్టాను.

చేసి చూసినవి

మొదట షాట్ల సంఖ్య పెంచాను. ప్రాక్టీస్ అయ్యాక అతన్ని ఆపి, ఎడమవైపు కింద మూలకి రోజుకి అరవై, డెబ్భై షాట్లు కొట్టించాను. ఎడమచేతి మీద నమ్మకం పోయింది కాబట్టి వందలసార్లు ఆపితే తిరిగొస్తుందన్నది నా లెక్క. ప్రాక్టీసులో అద్భుతంగా ఆపేవాడు. ఒకరోజు వరసగా పద్నాలుగు ఆపాడు. శనివారం మ్యాచ్‌లో ఇరవై గజాల నుంచి వచ్చిన మామూలు షాట్ ఎడమ మూలలోంచి వెళ్ళిపోయింది.

ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు చెప్పగలను. ఆ డ్రిల్‌లో షాట్ కొట్టేది నేనే. మనవాడు కాళ్ళు కుదురుగా పెట్టి, చేతులు ముందుకు చాపి, తల ఊపాకే కొట్టేవాణ్ణి. బంతి ఎటు వస్తుందో అతనికి ముందే తెలుసు. అంటే మ్యాచ్‌లో చెడిపోతున్న భాగాన్ని డ్రిల్‌లోంచి నేనే తీసేసి, బాగున్న భాగాన్ని రోజూ రుద్దుతున్నాను. పైగా మూడో వారానికి మణికట్టు వాచింది.

రెండోది వీడియో. పడ్డ గోల్స్ అన్నీ ఒకచోట చేర్చి, నెమ్మదిగా నడిపిస్తూ ఇద్దరం కూర్చుని చూశాం. తప్పు కళ్ళతో చూస్తే దిద్దుకుంటాడనుకున్నాను. దాని ఫలితం రెండు మ్యాచ్‌ల్లోనే తెలిసింది. అతను నిలబడే చోటే ఎడమవైపు అర అడుగు జరిగింది. కుడివైపు రెండు గోల్స్ పడ్డాయి. ఆ వారం నాతో అన్న మాట నాకింకా గుర్తుంది: "కోచ్, ఇప్పటిదాకా ఒకవైపే చిల్లు ఉండేది. మీరు చూపించాక రెండోవైపూ పడింది." నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు.

మధ్యలో వేళ్ళ వెనక గట్టి పుల్లలుండే గ్లవ్స్ కూడా వేయించాం. ఏ తేడా లేదు, దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

మూడోది స్పోర్ట్స్ సైకాలజిస్ట్. నిజం చెప్పాలంటే అప్పటికి నాకేం తోచక పంపాను. నా చేతకానితనాన్ని ఇంకొకరి బల్ల మీదకి నెట్టడమే అది. కానీ అసలు దారి అక్కణ్ణుంచే దొరికింది. నాలుగోసారి కలిశాక మనవాడి అనుమతితో ఆవిడ నాకో మాట చెప్పారు. "అతనికి చేతి గురించి భయమేమీ లేదండి. ఎన్ని రకాలుగా అడిగినా చెయ్యి మాట రావడం లేదు. ఆలస్యమైపోతానేమో అన్న మాటే మళ్ళీ మళ్ళీ వస్తోంది."

ఆలస్యం. చేతి మీద భయమున్నవాడు బంతి దగ్గరికొచ్చినప్పుడు వెనక్కి తగ్గుతాడు. ఆలస్యమవుతుందన్న భయమున్నవాడు తొందరపడతాడు. రెండింటికీ వైద్యం ఒకటి కాదు. తొందర కనపడాలంటే గోల్ పడ్డ క్షణం చూసి లాభం లేదు, అంతకుముందు క్షణం చూడాలి.

వెనక నుంచి చూస్తే కనపడింది

ఇక్కడ ఒక చిక్కుంది. మ్యాచ్ వీడియో మైదానం మధ్యలో పక్క నుంచి తీస్తారు. కెమెరా బంతి వెంట తిరుగుతుంది. స్ట్రైకర్ కాలు బంతికి తగిలే క్షణంలో కీపర్ చాలాసార్లు ఫ్రేమ్‌లోనే ఉండడు. బంతి దగ్గరికొచ్చాకే కనిపిస్తాడు, అప్పటికి గాల్లో ఉంటాడు. కాబట్టి అందరం అతని చేతులే చూస్తూ వచ్చాం. కనపడుతున్నది అవే కదా.

గోల్ వెనక ఒక చిన్న కెమెరా పెట్టించాను. సొంత మైదానంలో మూడు మ్యాచ్‌లు, ప్రాక్టీస్ మ్యాచ్‌లు నాలుగు. మొత్తం 31 షాట్లు దొరికాయి. ప్రతిదాన్నీ బంతికి కాలు తగిలిన ఫ్రేమ్ దగ్గర ఆపాను. గోల్ పడిందా లేదా చూడలేదు, కాళ్ళే చూశాను. 31లో 19 సార్లు మనవాడు ఇంకా నడుస్తూనే ఉన్నాడు. ముందుకి, కోణం తగ్గించడానికి. ఆ 19లో ఎక్కువసార్లు ఎడమకాలు గాల్లో ఉంది.

కీపర్ ముందుకు రావడం తప్పు కాదు. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, లైన్ మీదే నిలబడితే రెండు మూలలూ కాపాడటం ఎవరివల్లా కాదు. పదహారు మీటర్ల నుంచి గంటకు 90 కిలోమీటర్ల వేగంతో షాట్ వచ్చిందనుకుందాం, అంటే సెకనుకు 25 మీటర్లు. లైన్ దాకా రావడానికి 0.64 సెకను పడుతుంది. కీపర్ రెండు మీటర్లు ముందుకొస్తే అతని దగ్గరికి 0.56 సెకనులో చేరుతుంది. పోయేది 0.08 సెకనే, బదులుగా కాపాడాల్సిన జాగా తగ్గుతుంది. మంచి బేరమే. కానీ షాట్ కొట్టే క్షణానికి కాలు గాల్లో ఉంటే, అది నేల తాకి బరువు మోసేదాకా కీపర్ ఎటూ దూకలేడు. ముందుకొచ్చి సంపాదించిందంతా ఆ ఒక్క అడుగుతో పోతుంది.

మరి ఎడమవైపే ఎందుకు? ఎడమకి దూకాలంటే చివరి తోపు ఎడమకాలే ఇవ్వాలి. అతనికి ముందడుగు ఎడమకాలితో వేసే అలవాటు. అది గాల్లో ఉండగా షాట్ వస్తే కుడికి ఎలాగోలా ఒరగగలడు గానీ ఎడమకి దూకడం ఆలస్యమవుతుంది. చెయ్యి చాచేసరికి బంతి దాటిపోతుంది. చూసేవాడికి చెయ్యి అందలేదనిపిస్తుంది. మణికట్టు, గోల్స్ రెండూ ఎడమవైపే ఉండటం ఎక్కువగా కాకతాళీయం. ఎక్కువగా అని ఎందుకంటున్నానో తర్వాత చెప్తాను.

ఈ అలవాటు ఎక్కణ్ణుంచి వచ్చింది? అతని మొదటి క్లబ్ పాత మ్యాచ్‌లు తెప్పించి చూశాను. మంచి కోణం నుంచి తీసినవి తక్కువే గానీ, ఉన్నవాటిలో తేడా స్పష్టంగా ఉంది. 21 ఏళ్ళ కుర్రాడు షాట్‌కి ముందే ఆగి, రెండు కాళ్ళ మీదా బరువేసి కుదురుగా ఉన్నాడు. అంటే చెడింది పెద్ద క్లబ్‌లో.

మనవాణ్ణే అడిగాను, అక్కడ నీ వారం ఎలా గడిచేదని. గురు, శుక్రవారాల్లో స్ట్రైకర్లు గోల్ కొట్టడం సాధన చేసే ఫినిషింగ్ ప్రాక్టీసుకి రెండో కీపర్, మూడో కీపర్ గోల్‌లో నిలబడాలి. మొదటి కీపర్‌ని మ్యాచ్ కోసం దాచుకుంటారు. పది, పన్నెండు మీటర్ల నుంచి ఒకరి తర్వాత ఒకరు, ఊపిరి తీసుకోనివ్వకుండా కొడతారు. ఆ దూరంలో ఆగి కుదురుకునేంత సమయముండదు. ముందుకు దూసుకెళ్ళి ఒంటితో అడ్డుపడటమే తెలివైన పని. మూడేళ్ళు అతను అదే చేశాడు. అసలు మ్యాచ్‌లు లేవు కాబట్టి ఇరవై గజాల షాట్లు మర్చిపోయాడు. బెంచ్ మీద ఉన్నన్నాళ్ళూ ఆట ఎక్కడిదక్కడే ఉంటుందని, దుమ్ము దులిపితే చాలని నేననుకునేవాణ్ణి. ఆ మూడేళ్ళూ అతను నేర్చుకుంటూనే ఉన్నాడు, తప్పుది.

మణికట్టు పాత్ర కూడా కొంచెం ఉందని ఆ మాటల్లోనే తెలిసింది. ఆపరేషన్ తర్వాత తిరిగొచ్చిన మొదటి నెలల్లో, ఇంకో అడుగు ముందుకేస్తే బంతి వేలికొసలకి కాకుండా అరచేతికో ఛాతీకో తగిలేదట, నొప్పి తక్కువుండేదట. నొప్పి పోయింది, అడుగు మిగిలింది.

పనిచేసింది

చెప్పడానికి చాలా చిన్న విషయం: ఆగు. స్ట్రైకర్ కొట్టడానికి ఆన్చే కాలు నేల తాకిందంటే, నువ్వు ఎక్కడుంటే అక్కడే ఆగిపో. ఉండాల్సిన చోటుకి ఇంకో మీటరు దూరంలో ఉన్నా సరే. సరైన చోట కదులుతూ ఉండటం కన్నా, కాస్త తప్పు చోట కుదురుగా ఉండటం నయం.

చెయ్యడం మాత్రం నరకం. నేను కొట్టే డ్రిల్స్ మానేసి, ఇద్దరు ఆటగాళ్ళు బంతి అటూ ఇటూ ఇచ్చుకుంటూ ఎప్పుడు తోస్తే అప్పుడు కొట్టేలా పెట్టాను. కొన్నిసార్లు కాలు ఊపి కొట్టకుండా ఆపేస్తారు. మొదటి వారం నేను వెనక నిల్చుని "ఆగు" అని అరిచేవాణ్ణి. రెండో వారం అరవడం మానేశాను. నా గొంతుకి అలవాటుపడితే మ్యాచ్‌లో ఎవరు అరుస్తారు? ఎన్ని ఆపాడో లెక్కపెట్టడం కూడా మానేశాం. షాట్ క్షణానికి కాళ్ళు నేల మీదున్నాయా లేదా అన్నదొక్కటే కాగితం మీద రాసేవాళ్ళం. గోల్ పడ్డా కాళ్ళు కుదురుగా ఉంటే మార్కు. అద్భుతంగా ఆపినా కదులుతూ ఆపితే సున్నా. ఈ సున్నాలు అతనికి చాలా కోపం తెప్పించాయి.

రెండు వారాలు ఆట ఇంకా పాడైంది. పాత అలవాటు వదిలాడు, కొత్తది రాలేదు. ఇలా జరుగుతుందని నాకు తెలుసు గానీ హెడ్ కోచ్‌కి ముందే చెప్పలేదు. ఈ కేసులో నా పెద్ద తప్పుల్లో అదొకటి. ఆయన నన్ను గదిలోకి పిలిచి, "నువ్వు బాగుచేస్తున్నావా, చెడగొడుతున్నావా? ఇంతకుముందే నయం కదా" అన్నారు. కాగితాలు చూపించాను. ఆయన చూసి పక్కనపెట్టారు. "నాకు ఆదివారం పాయింట్లు కావాలి, మార్కులు కాదు." ఆయన మాటలో తప్పేం లేదు. తర్వాతి మ్యాచ్‌కి 20 ఏళ్ళ కుర్ర కీపర్‌ని దింపారు. ఆ కుర్రాడు బాగా ఆడాడు. అలా మనవాడు మళ్ళీ బెంచ్ మీదకి వచ్చాడు.

మధ్యలో పెనాల్టీల గురించి ఒక మాట. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో 286 పెనాల్టీలు పరిశీలించారు. బంతి పావువంతుకి పైగా సార్లు గోల్ మధ్య భాగానికే వెళ్ళింది. కీపర్లు మధ్యలో కదలకుండా ఉన్నది మాత్రం నూటికి ఆరుసార్లే. కదలకుండా ఉన్నప్పుడు గోల్ పడితే 'నిలబడి చూశాడు' అంటారని, దూకి వదిలేస్తే 'ప్రయత్నించాడు' అంటారని కీపర్లకి తెలుసు. మనవాడికి ఇది చదివి వినిపిస్తే చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నేను ప్రతి షాట్‌కీ అదే చేస్తున్నా" అన్నాడు. నేను నెల రోజులు చెప్పినా ఎక్కనిది అప్పుడు ఎక్కింది. ఆగడం అంటే ఏమీ చేయకపోవడం అని అతని లోపల ఎక్కడో ఉంది. వేల మంది చూస్తుండగా ఏమీ చేయకుండా ఉండటానికి ఎంత ధైర్యం కావాలో బయట నిల్చున్న నాకు తట్టలేదు.

కింది డివిజన్‌కి

సీజన్ మధ్యలో మూడో డివిజన్ క్లబ్ ఒకటి అతన్ని లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా, అడిగింది. ఏజెంట్ వద్దన్నాడు. ఒకసారి కిందికి దిగితే మళ్ళీ ఎవరూ చూడరని అతని వాదన. అందులో నిజం లేకపోలేదు, కానీ నేను వెళ్ళమన్నాను. ప్రాక్టీసులో కొత్త అలవాటు పదింట ఏడుసార్లు వస్తోంది. దాన్ని మ్యాచ్‌లో, జనం మధ్య, టెన్షన్‌లో పరీక్షించాలి. మా దగ్గర ఉంటే ఆ అవకాశం రాదు. పైగా మా దగ్గరా రెండో కీపరే కాబట్టి ఫినిషింగ్ ప్రాక్టీసుకి అతన్నే నిలబెడతారు. జబ్బు ఎక్కడ పట్టిందో అక్కడికే మళ్ళీ పంపినట్టు.

26 ఏళ్ళకే అంతా అయిపోయినట్టు మాట్లాడుతుంటే, కీపర్లని ఓదార్చే పాత మంత్రం నేనూ చదివాను: 1982లో ఇటలీకి వరల్డ్ కప్ అందించినప్పుడు కెప్టెన్ దీనో జోఫ్ వయసు 40, ఈజిప్ట్ కీపర్ ఎసామ్ ఎల్ హదరీ 2018 వరల్డ్ కప్‌లో 45 ఏళ్ళకి ఆడి పెనాల్టీ కూడా ఆపాడు, నీకు బోలెడు టైముంది అని. అతను విని, "జోఫ్ నలభై ఏళ్ళదాకా బెంచ్ మీద కూర్చుని గెలవలేదు కదా కోచ్" అన్నాడు. నేను చెప్పాలనుకున్న వాదనంతా అతనే ఒక్క ముక్కలో చెప్పేశాడు. మర్నాడు సంతకం పెట్టాడు.

అక్కడ 17 మ్యాచ్‌లు ఆడాడు. ఆ క్లబ్ వాళ్ళని అడిగి గోల్ వెనక కెమెరా పెట్టుకునే ఏర్పాటు చేసుకున్నాడు. ప్రతి ఆదివారం రాత్రి ఫోన్‌కి రెండు అంకెలు పంపేవాడు, ఎన్ని షాట్లు, ఎన్నిటికి ఆగాడు అని. గోల్స్ సంగతి రాయొద్దని నేనే చెప్పాను. మొదటి నాలుగు వారాలు సగానికి కాస్త పైన. పదో వారం దాటాక పదింట ఎనిమిదికి తగ్గలేదు. ఎడమవైపు నేలబారు గోల్ ఆ 17 మ్యాచ్‌ల్లో రెండుసార్లు పడింది. ఒకటి డిఫెండర్‌కి తగిలి దారి మారింది.

అన్నీ బాగుపడలేదు. క్రాస్‌ల సమస్య అలాగే ఉండిపోయింది. ఆ కారణం ఇప్పటికీ నాకు పూర్తిగా అంతుబట్టలేదు. కాళ్ళ పని కుదిరితే అదీ కుదురుతుందనుకున్నాను, కుదరలేదు. దాన్ని దిద్దాలా, దాని చుట్టూ సర్దుకోవాలా అని ఆలోచించి సర్దుకోవడమే మేలన్నాను. ఒకేసారి రెండు అలవాట్లు మారిస్తే రెండూ చెడతాయన్న భయం నాది. లోన్ క్లబ్ కోచ్ కార్నర్లకి పొడుగాటి డిఫెండర్‌ని గోల్ ముందు నిలబెట్టి, మనవాణ్ణి లైన్ దగ్గరే ఉండమన్నాడు. కీపర్ పుస్తకంలో ఇది ఓటమే. మ్యాచ్‌ల్లో మాత్రం పనిచేసింది.

సీజన్ అయ్యాక మా కుర్ర కీపరే మొదటి స్థానంలో ఉన్నాడు, ఉండాల్సినవాడే. మనవాణ్ణి లోన్ క్లబ్బే కొనుక్కుంది. రెండేళ్ళకి వాళ్ళు సెకండ్ డివిజన్‌కి వచ్చారు. మా మైదానానికి వచ్చి మా మీదే ఆడినరోజు, రెండో సగంలో మా స్ట్రైకర్ పద్దెనిమిది గజాల నుంచి అతని ఎడమ కిందమూలకి కొట్టాడు. నేను బంతిని చూడలేదు, అతని కాళ్ళు చూశాను. రెండూ నేల మీదున్నాయి. మేం ఓడిపోయాం. హెడ్ కోచ్ మైదానం వదిలి వెళ్తూ నా వైపు చూసి, "బాగానే బాగుచేశావు" అన్నారు.

తర్వాత నేను మార్చుకున్నవి

ఏ కీపర్ గోల్‌నైనా ఇప్పుడు బంతికి కాలు తగిలే ఫ్రేమ్ నుంచి రెండు సెకన్లు వెనక్కి చూస్తాను. ఆ రెండు సెకన్లు అయ్యాకే చేతుల సంగతి. కొత్త పద్ధతి మొదలుపెట్టేముందు, రెండు మూడు వారాలు ఆట దిగజారుతుందని హెడ్ కోచ్‌కి రాతపూర్వకంగా ఇస్తాను. అప్పుడే ఆ రెండు మూడు వారాలు దొరుకుతాయి. ఒక్కోసారి దొరకవు, అప్పుడు సీజన్ అయ్యేదాకా మొదలుపెట్టను.

మా రెండో కీపర్‌ని ఫినిషింగ్ ప్రాక్టీసులో వరసగా పది నిమిషాల కన్నా ఎక్కువ నిలబెట్టడం లేదు. మిగతా సమయానికి ఒక మూలన ఇరవై గజాల షాట్లు, ఎప్పుడు వస్తాయో తెలియకుండా. స్ట్రైకర్లు గొణుగుతున్నారు, ఖాళీ గోల్‌లోకి కొట్టుకోవడానికి తాము చిన్నపిల్లలమా అని. పోయిన గురువారం వాళ్ళలో ఒకడు నా దగ్గరికొచ్చి, పోనీ మీరే గ్లవ్స్ వేసుకుని నిలబడండి అన్నాడు. నిలబడ్డాను. పన్నెండు మీటర్ల నుంచి నాలుగో షాట్‌కే, నాకు తెలియకుండానే, ముందుకి అడుగేశాను.